బంద్ చెయ్యమంటే బయల్దేరిన కారు

మా కిరాయి ఇంటి రేకుల షెడ్డులో ఒక కారు ఉండేది. ఉండేది అంటున్నానే గాని నడిచేది కాదు. వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. ముందు సీటులోంచి స్ప్రింగులు బయటికి పొడుచుకొచ్చేవి. తుప్పు ఎంత పట్టిందంటే తలుపు మీద వేలు పెట్టి నొక్కితే వేలు అవతలికి పోయేది. నిజాం కాలంలో ఎవరో నవాబుగారి మున్షీ ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న కారని ఇంటి ఓనరు చెప్పేవాడు. ఇల్లు చూపించిన రోజే ఆయన దాని ముందు నిలబడి, "గిది నేనైతే తీపియ్య. నువ్వు నడిపించుకుంటె నీదే" అని నవ్వాడు. నవ్వుతూ అన్న మాటను నేను గట్టిగా పట్టుకున్నాను. నా తత్వమే అంత.

మాది పోచంపల్లి వైపు మగ్గాల ఇల్లు. నేను మగ్గం వదిలి మలక్‌పేటలో చిన్న చీరల దుకాణం పెట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం ఉండేవాణ్ణి. అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే కొన్ని ఇళ్ళు, బోలెడు ఖాళీ జాగా, మధ్యలోంచి పోయే విజయవాడ రోడ్డు, అంతే. అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మొదలయ్యాక వారంలో సగం రోజులు బంద్, దుకాణం మూత. చేతికి పని లేకపోతే నాకు కోపం ఎక్కువవుతుంది. కూరలో ఉప్పెక్కువైందనీ, కుండలో నీళ్ళు తక్కువైనాయనీ ఇంట్లో అరుస్తుంటే మా ఆవిడ ఒకరోజు చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పోయి ఆ కోళ్ళ కారన్న సాఫ్ చెయ్యి. నీ నోరు జర నిమ్మళంగుంటది" అంది.

పోయాను. సాయంత్రానికి చీపురు పక్కన పడేసి సుత్తి పట్టుకున్నాను. ముందు చక్రం బోల్టు ఒకటి రానంటోంది. నేను కొట్టినకొద్దీ అది మొండికేస్తోంది. వెనక నుంచి ఎవరో దగ్గారు. చూస్తే, వెనక వాటాలో ఉండే సారు. గోదావరి జిల్లా మనిషి, ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా, కళ్ళద్దాలు, చేతిలో కాఫీ గ్లాసు. రెండేళ్ళుగా ఒకే గేటులోంచి తిరుగుతున్నా "బాగున్నారా" అంటే "బాగున్నామండీ" అనుకోవడం తప్ప మా ఇద్దరికీ మాటల్లేవు.

"అలా కొడితే రాదండీ. కాస్త కిరసనాయిలు పోసి రెండ్రోజులు వదిలేయండి" అన్నాడు.

"రెండు దినాలు నేనేం జెయ్యాలె సారూ?"

"కూర్చోవాలండీ. మూడ్రోజులైతే మరీ మంచిది."

కూర్చోవడం నాకు చేతకాని పని. సుత్తి విసిరేశాను. అది పోయి పేడకుప్పలో పడింది. మళ్ళీ నేనే వెతికి తెచ్చుకున్నాను. మూడోనాడు ఆ బోల్టు రెండు వేళ్ళతో తిప్పితే తిరిగింది. నేను షెడ్డులో గంతులేశానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. వేశాను, అబద్ధమేం కాదు. ఆ సారు వాళ్ళ నాన్నకు ఊళ్ళో రైసుమిల్లు ఉండేదట. ఆయిలింజను చప్పుడు వింటూ పెరిగాడట. అంత చదువుకుని, అన్ని ఫైళ్ళు రాసి, ఆ మనిషికి అసలు ఇష్టమైంది నల్లటి గ్రీజు అని నాకప్పుడు తెలిసింది.

ఇక ఆగలేదు మేము. ఆయన ఆఫీసు కూడా సగం రోజులు తెరిచేది కాదు. అన్నాలు తినగానే ఇద్దరం షెడ్డులో ఉండేవాళ్ళం. మా ఇంట్లో చిటికి కడతాం, అంటే చీర నేయకముందే నూలును ఎక్కడికక్కడ దారంతో బిగించి కట్టి రంగులో ముంచుతాం. ఏ కట్టు ఎక్కడిదో చేతికి గుర్తుంటుంది. కారు విప్పేటప్పుడు నేను అదే పద్ధతి పెట్టాను. రేడియేటర్ బోల్టులకు ఎర్రదారం, ఇంజిన్‌వాటికి పసుపుది, చక్రాలవాటికి నీలం. ఒక ముడి ఉంటే పైది, రెండు ముళ్ళుంటే కిందిది. సారుది ఆఫీసు పద్ధతి. బోల్టు బోల్టుకూ ఒక చీటీ, చీటీ మీద నంబరు, ఆ నంబరుకు నోటుబుక్కులో నాలుగు లైన్ల వివరం.

"ఈ దారాలేంటండీ, కారుకి తాయెత్తులు కట్టినట్టు" అని ఎగతాళి చేసేవాడు.

వారం తిరక్కుండానే షెడ్డులో ఎలుకలు ఆయన చీటీలన్నీ కొరికేశాయి. నేనెంత సంతోషపడ్డానో చెప్పాలంటే సిగ్గేస్తుంది. ఆ సాయంత్రం ఆయన నోటుబుక్కు మూసేసి నా పక్కన కూర్చుని, "ఎరుపు రెండు ముళ్ళంటే ఏంటో ఇంకోసారి చెప్పండి" అన్నాడు. చెప్పాను. నెమ్మదిగా, మూడుసార్లు, కావాలనే.

ఒక్కో వస్తువూ తుప్పు వదిలించుకుని బయటపడుతుంటే ఏదో నిషా ఎక్కేది. మసి తుడిస్తే కింద ఇత్తడి మెరిసేది. నేను కేకేసి సారును పిలిచేవాణ్ణి, ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని వచ్చి దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లోకి తీసుకునేవాడు. కార్బురేటర్‌ను మా ఆవిడ పప్పుగిన్నెలో నానబెట్టాం. ఆ గిన్నె మాకే ఇచ్చేసింది, ఇచ్చేటప్పుడు ఏమన్నదో రాయను.

మాటల దగ్గర మాత్రం రోజూ తగాదాయే. నేను పానా అంటే ఆయన స్పానర్ అనేవాడు. నేను గుంజమంటే ఆయన లాగేవాడు, నూకమంటే తోసేవాడు. మా ఇంట్లో దీపం ఆర్పాలన్నా, రేడియో ఆపాలన్నా, నల్లా కట్టాలన్నా ఒకటే మాట, బంద్ చెయ్యి. ఆయన దానికి అలవాటు పడలేకపోయాడు. "మీ నల్లా కూడా సమ్మె చేస్తుందాండీ" అని అడిగాడొకసారి. నవ్వీ నవ్వీ నా చేతిలో గ్రీజు డబ్బా జారిపోయింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పొద్దున పూట నేను ఊరేగింపుల్లో నడిచేవాణ్ణి. మా వైపు పిల్లలు చదువుకుని కూడా నౌకరీలు దొరక్క తిరుగుతున్నారన్న కోపం నాకు నిజంగానే ఉండేది. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ ఏడు పోలీసు కాల్పుల్లో పోయిన పిల్లల్ని నేనిప్పటికీ మరిచిపోలేదు. మూసారాంబాగ్ దగ్గర కలుసుకుని ఆంధ్రావాళ్ళను "గో బ్యాక్" అని అరుస్తూ నడిచేవాళ్ళం. నాకు బాగా వచ్చిన ఇంగ్లీషు ముక్కలు ఆ రెండే. మగ్గాల చప్పుడు మీద మాట్లాడి పెరిగిన గొంతు నాది, అందరికన్నా పెద్దది. ఇంటికొచ్చి అన్నం తిని, షెడ్డులోకి పోయి, "సారూ, ఆ పక్కది జర పట్టు" అనేవాణ్ణి. ఈ రెండింటికీ పొత్తు కుదరదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఒకరోజు ఊరేగింపు మా సందు ముందు నుంచే పోయింది. ఆ మధ్యాహ్నం సారు ప్లగ్గు తుడుస్తూ, తలెత్తకుండా అన్నాడు.

"పొద్దున అందరిలోకీ మీ గొంతే బాగా వినిపించిందండీ."

నేను వంగి, కింద లేని బోల్టు ఒకటి వెతికాను.

"బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగండి" అన్నాడు మళ్ళీ.

ఆ కషాయం ఆయన భార్యే కాచి గ్లాసులో పంపింది. తాగాను. ఘాటుకో దేనికో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాటి నుంచి ఊరేగింపులో నడిచానుగాని ఆ రెండు ముక్కలు నా నోటికి రాలేదు. అప్పటికే ఆలస్యమైంది. ఎవరో మా గేటు మీద బొగ్గుతో అవే ముక్కలు రాసిపోయారు. ఆ రాత చూసిన దగ్గర్నుంచి సారు భార్యకు నిద్ర లేదు. సొంత జిల్లాకు బదిలీ అడుక్కోమని ఆయన్ని పోరింది. ఆయన అడిగాడు, వచ్చింది. ఆదివారం పొద్దున సామాను ఎక్కించడానికి, విజయవాడకు ఖాళీగా తిరిగిపోయే లారీ ఒకటి మాట్లాడుకున్నారు. ఈ సంగతంతా ఆమె మా ఆవిడతో చెప్పింది, మా ఆవిడ నాతో చెప్పింది. సారు మాత్రం నాతో ఒక్క ముక్క అనలేదు.

"సారు పోతే ఇగ బండి ఎవడు జేస్తడు?" అన్నాను.

"నీ పరేషాన్ బండి గురించేనా?" అంది మా ఆవిడ.

బండి గురించే అన్నాను. అబద్ధం. ఆయన పోతే నా మధ్యాహ్నాలు పోతాయి. ముప్పై ఏళ్ళు వచ్చాక దొరికిన స్నేహం అది, పోగొట్టుకుంటే ఇంకోటి దొరకదని నాకు తెలుసు. ఉండమని అడగాలి. ఏ మొహం పెట్టుకుని అడగాలి? గో బ్యాక్ అని ఊరంతా వినేట్టు అరిచిన నోరే కదా ఇది.

ఆయన కూడా ఏమీ బయటపడలేదుగాని పనిలో తొందర పెరిగింది. "శనివారం లోపల దీని చప్పుడు వినాలండీ" అన్నాడు. ఎందుకు శనివారం అని నేను అడగలేదు.

శనివారం పొద్దున పదిగంటలకు కారు పరిస్థితి ఇదీ. బానెట్ లేదు. తలుపులు లేవు. బ్రేకులు ఇంకా వేయలేదు. డ్రైవరు సీటు బదులు మా ఆవిడ పీట. పెట్రోలు ట్యాంకు బదులు ఒక సీసా, దాని నుంచి రబ్బరు గొట్టం. వెనక సీటులో ఒక కోడి, ఎన్నిసార్లు తోలినా మళ్ళీ వచ్చి గుడ్ల మీద కూర్చునేది, ఇక వదిలేశాం. సైలెన్సర్ పైపుకు మాత్రం నేను ముందురోజే నిగనిగలాడే నల్లరంగు వేశాను. అది వేడెక్కితే రంగు కాలుతుంది, వద్దండీ అని సారు చెప్పాడు. నేను వినలేదు. అందంగా ఉండాలి కదా.

సారు పీట మీద కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడు. నేను ముందు నిలబడి, ఇంజిన్‌ను స్టార్ట్ చేసే ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పాను. తిప్పాను, తిప్పాను, భుజం పట్టేసింది. నవాబునూ మున్షీనీ ఇంగ్లండునూ కలిపి తిట్టాను. పదమూడోసారో పద్నాలుగోసారో అది ఒక్కసారి తుమ్మింది. ఇంకోసారి తిప్పితే భగ్గుమని అందుకుంది. షెడ్డు రేకులన్నీ గడగడలాడాయి, గోడ మీద కాకులు లేచిపోయాయి, సారు పీట మీద ఎగురుతూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. నేను హ్యాండిల్ పైకెత్తి గుండ్రంగా తిరిగాను. నా పెళ్ళినాడు కూడా అంత సంతోషం లేదు, ఈ మాట మా ఆవిడ చదవదని రాస్తున్నాను.

అంతలో కారు కింద నుంచి నల్లటి పొగ లేచింది. వైర్లు అంటుకున్నాయనుకున్నాను. చేతులు ఊపుతూ ఆయన మీదికి పరుగెత్తాను.

"బంద్ చెయ్, సారూ, బంద్ చెయ్."

ఇంజిన్ మోతలో ఆయనకు 'చెయ్' వినిపించలేదు. 'బంద్' ఒక్కటే వినిపించింది. సరిగ్గా అప్పుడే మలక్‌పేట వైపు నుంచి ఊరేగింపు నినాదాలు కూడా సందులోకి వచ్చాయి. బంద్ జనం ఇంటి మీదికి వచ్చారనీ, నేను పారిపొమ్మని చెబుతున్నాననీ ఆయన అనుకున్నాడు. నన్నొక చూపు చూసి, గేరు వేసి, క్లచ్ వదిలేశాడు. కారు ఎగిరి షెడ్డులోంచి బయటపడి, గేటు దాటి, సందు చివర విజయవాడ రోడ్డెక్కింది. పడమటి వైపు ఊరేగింపు ఉంది కాబట్టి తూర్పుకు తిరిగింది. తిన్నగా పోతే వాళ్ళ జిల్లాయే.

నేను సైకిల్ తీశాను. లుంగీ పైకి మడిచి, చేతిలో హ్యాండిలు అట్లాగే ఉంది, దాన్ని ఊపుతూ, "ఆగు సారూ, ఆగు" అని అరుస్తూ తొక్కుతున్నాను. ముందు కారు, నల్లటి పొగ, పొగలోంచి కోడి ఈకలు. ఊరేగింపులో ముందున్న పిల్లలు చూశారు. వాళ్ళ కంటికి, కార్లో పోతున్న కళ్ళద్దాలాయన్ని ఒక స్థానికుడు ఇనుపరాడ్డు పట్టుకుని విజయవాడ రోడ్డు మీద తరుముతున్నాడు. వాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

"తరుమన్నా, ఇడువకు" అని కేకలేస్తూ నలుగురైదుగురు నా వెనక సైకిళ్ళెక్కారు.

కారు ఆగదు, బ్రేకులుంటే కదా. ద్రాక్ష తోటలు దాటాం. గొర్రెల మంద పక్కకు తప్పుకుంది. ఇప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తా అంటున్న చోటు అప్పుడు ఉత్త బీడు, కాస్త ఎత్తు. ఆ ఎత్తెక్కుతుండగా సీసాలో పెట్రోలు అయిపోయింది. కారు రెండుసార్లు దగ్గి నిలిచిపోయింది. సారు దిగి, వెనక్కు జారకుండా చక్రం కింద రాయి పెట్టాడు. నేను రొప్పుతూ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"ఎంతమంది వచ్చారండీ? మా ఆవిడ..." అన్నాడు.

"ఎవ్వలు రాలేదు సారూ. ఇంజిన్ బంద్ చెయ్యమన్న."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత మడ్‌గార్డు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నేనూ మొదలుపెట్టాను. ఆ పొగ వైర్లది కాదు, నేను పైపుకు వేసిన రంగుదని చెప్పి మరీ నవ్వాడు. అప్పుడు సైకిళ్ళు వచ్చాయి. పిల్లలు దిగారు. ఒకడి చేతిలో రాయి ఉంది. వాళ్ళలో ఒకడు నన్ను గుర్తుపట్టాడు.

"అన్నా, నువ్వు మాతోని నడిచినోడివి గద. ఎవరీయన?"

ఆయన నోరు విప్పితే అయిపోతామని నాకు తెలుసు. ఆ 'అండీ' ఒక్కటి చాలు. గబుక్కున, "నా డ్రైవరు" అన్నాను.

సారు నవ్వు ఆగిపోయింది. కళ్ళద్దాలు సర్దుకుని నిలబడ్డాడు.

"డ్రైవరేంటండీ? ఇంజిన్ మొత్తం విప్పి కట్టింది నేను. ఆయనకి ఆ పైపుకి రంగెయ్యకూడదన్న సంగతి కూడా తెలీదండీ."

అంతా అయిపోయింది. రాయి ఉన్న చెయ్యి కొంచెం లేచింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు, వాళ్ళ మీదా, ఆయన మీదా, నా మీదా. హ్యాండిల్ కింద పడేశాను.

"అవు, ఆంధ్రాయనే. మా ఇంటి మనిషి. కొడితె నన్ను కొట్టుర్రి, గా గో బ్యాక్ మాట నేర్పినోళ్ళల్ల నేను గూడ ఉన్న."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పొడుగాటివాడు, ఇంజినీరింగు చదువుతున్నాడట, మమ్మల్ని వదిలేసి కారు మీదికి వంగాడు. వంగి చాలాసేపు చూశాడు.

"కార్బురేటర్ మీరే సాఫ్ చేసిండ్రా సార్?"

"అవునండీ. పప్పుగిన్నెలో నానబెట్టాం."

"గీ దారాలేంది?"

"అది వీరి పద్ధతండీ. ఎరుపు రెండు ముళ్ళంటే కిందిది" అని సారు ఆ పిల్లవాడికి పూసగుచ్చినట్టు చెప్పాడు. నన్ను మించి చెప్పాడు. రాయి ఎప్పుడు కింద పడిందో నేను చూడలేదు. పొడుగాటివాడు నిటారుగా నిలబడి, "మాది నౌకరీల కొట్లాట సార్. మీ ఇంటిమీదికి ఎందుకొస్తం" అన్నాడు. నిజంగానే అన్నాడు, మొహమాటానికి కాదు.

కారును ఇంటిదాకా నూకాలి. సారు స్టీరింగు దగ్గర, మేమందరం వెనక. బరువు కదలాలంటే ఒక పాట కావాలి, పిల్లలకు ఆ నెలల్లో నోటికొచ్చింది ఒకటే. "గో" అన్నప్పుడు ఊపిరి పట్టి, "బ్యాక్" అన్నప్పుడు నూకడం. దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆంధ్రా సారును కార్లో కూర్చోబెట్టి గో బ్యాక్, గో బ్యాక్ అంటూ ఇంటికి తెచ్చాం. పీట మీద ఆయన భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. ఒక దశలో ఆయన కూడా అందుకున్నాడు. కోడి మాత్రం గుడ్ల మీంచి లేవలేదు.

ఇంటి దగ్గర ఆయన భార్య తలుపు చాటున నిలబడి ఉంది. పిల్లలు మంచినీళ్ళు అడిగితే మజ్జిగ తెచ్చి, గ్లాసులు గడప మీద పెట్టి వెనక్కి జరిగింది. ఒక పిల్లవాడు తాగుతూ తాగుతూ గేటు మీద రాత చూశాడు. ఏమీ అనకుండా బకెట్టెడు నీళ్ళు పోసి అరచేత్తో రుద్ది తుడిచాడు. వాళ్ళు పోయాక నేను, సారు ఎదురెదురుగా నిలబడ్డాం. ఇప్పుడు అడగాలనుకున్నాను. "రేపు..." అన్నాను. ఆయన ఆగి చూశాడు. "రేపు సైలెన్సర్ రంగు గీకేస్త" అన్నాను.

ఆదివారం పొద్దున సందులో లారీ హారన్ వినిపించగానే నేను కారు కిందికి దూరాను. అక్కడ పడుకుంటే ఎవరికీ మొహం చూపించనక్కర్లేదు. లారీ ఎంతకీ పోదు. మళ్ళీ మళ్ళీ హారన్ కొడుతోంది. ఇద్దరు మనుషులకు ఇంత సామానుందా అనుకున్నాను. డ్రైవరు విసుక్కుంటున్నాడు, సారు ఏదో సర్దిచెబుతున్నాడు, మాటలు తెలియడం లేదు. మా ఆవిడ రెండుసార్లు పిలిచింది, పలకలేదు. చివరికి లారీ స్టార్టయింది, గేరు మార్చింది, సందు మలుపు తిరిగింది. రోడ్డు మీద దాని చప్పుడు వినిపించినంతసేపూ విన్నాను. ఏడిచానని రాయడానికి ఇన్నేళ్ళ తర్వాత సిగ్గెందుకు, ఏడిచాను.

కాసేపటికి చక్రం పక్కన రెండు పాదాలు కనిపించాయి. తర్వాత మోకాళ్ళు, తర్వాత కళ్ళద్దాలు. సారు పంచె ఎగగట్టి కారు కిందికి పాక్కుంటూ వచ్చి, నా పక్కన వెల్లకిలా పడుకున్నాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

"పోలేదా సారూ?" అన్నాను.

"మీరొచ్చి ఉండమంటారేమోనని లారీని గంటసేపు నిలబెట్టానండీ" అన్నాడు. "ఇక వాడు ఆగలేనని ఖాళీగానే వెళ్ళిపోయాడు."